బందు చేసి చాలు చేస్తే సరిపోతుందా?

ఈ వారం వచ్చిన మెయిళ్లలో మూడు ఒకే వైపు నుంచి వచ్చాయి. ఒకటి కోరుట్ల, ఒకటి సిరిసిల్ల, ఒకటి జగిత్యాల. ముగ్గురికీ ఒకరితో ఒకరికి పరిచయం లేదు. అడిగింది మాత్రం ఒకటే. రీస్టార్ట్ చేస్తే సిస్టం వేగం పెరగాలి కదా, మాకెందుకు తగ్గుతోంది?

కోరుట్ల నుంచి రాసినావిడ ఒక నర్సింగ్ హోమ్‌లో రిసెప్షన్ చూస్తారు. ఆమె మాటలు ఆమె రాసినట్టే ఇస్తున్నాను. “సార్, ప్రతి సోమవారం పొద్దుగాల మా సిస్టం నడువనే నడువది. పేషెంటు పేరు కొడితే తెల్లగ చూసుకుంట కూసుంటది. మేం బందు చేసి మళ్ల చాలు చేస్తం. అయినా గంతే. పది దాటినంక దానంతట అదే మంచిగైతది. ఆదివారం రాత్రి రీస్టార్ట్ చేసి పెడుతున్న, ఫ్రెష్‌గ ఉంటదని మా కంప్యూటర్ అబ్బాయి చెప్తడు. ఫ్రెష్ అంటే గిట్లుంటదా సార్?”

గిట్లనే ఉంటుందమ్మా. ఫ్రెష్ అయింది కాబట్టే నడవడం లేదు.

ఇది వెటకారం కాదు. సోమవారం పొద్దున నర్సింగ్ హోమ్ ముందు ఎవరుంటారో మీకు నాకంటే బాగా తెలుసు. ఊళ్ల నుంచి మొదటి బస్సుకు వచ్చినవాళ్లు ఉంటారు. పరగడుపున రక్తం ఇవ్వాలని టీ కూడా తాగకుండా కూర్చున్న షుగర్ పేషెంట్లు ఉంటారు. పేరు ఎక్కితే గానీ చీటీ రాదు, చీటీ లేకపోతే ల్యాబ్ వాళ్లు సూది పట్టరు. పది గంటలకు సిస్టం “దానంతట అదే మంచిగయ్యే” లోపు వాళ్లు పడే అవస్థ డేటాబేస్‌కు తెలియదు. మనకు తెలియాలి కదా. అందుకే ఈ వారం మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి దీన్నే పట్టుకున్నాను.

అసలు సంగతి ఇది. మీ పేషెంట్ల వివరాలు, మందుల లెక్కలు, బిల్లులు అన్నీ డిస్క్ మీద ఉంటాయి. కానీ ఎవరైనా అడిగిన ప్రతిసారీ డేటాబేస్ డిస్క్ దాకా పోయి రాదు. ఒకసారి తెచ్చిన ముక్కను ర్యామ్‌లో, అంటే చేతికి అందే చోట, దాచుకుంటుంది. ఈ దాపుడునే క్యాష్ అంటారు. గల్లాపెట్టెలో ఉండే క్యాష్ కాదు, పలకడం ఒకటే గానీ స్పెల్లింగ్ వేరు. ముక్క అన్నానే, దాన్ని పేజీ అంటారు. మైఎస్‌క్యూఎల్‌లో మామూలుగా ఒక్కో పేజీ 16 కిలోబైట్లు. పోస్ట్‌గ్రెస్‌లో, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 8 కిలోబైట్లు.

సిరిసిల్ల పాఠకులకు ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు. సాంచా నడుస్తున్నప్పుడు పక్కన డబ్బాలో చుట్టిన కండెలు నిండుగా ఉంటాయి. నాడెలో ఒక కండె అయిపోగానే చెయ్యి చాచి ఇంకోటి పెడతారు. చేతికందే దూరం కాబట్టి సాంచా ఆగినట్టే అనిపించదు. ఇప్పుడు ఎవరో వచ్చి ఆ డబ్బా మొత్తం ఖాళీ చేసి పోయారనుకోండి. సాంచా బాగానే ఉంది, కరెంటు ఉంది, పనిమనిషి ఉన్నాడు, నూలు గోదాములో ఉంది. కానీ ప్రతి కండె కోసం గోదాముకు పోయి, నూలు తెచ్చి, చుట్టించుకుని రావాలి. డబ్బా మళ్లీ నిండేదాకా బట్ట దిగదు.

రీస్టార్ట్ అంటే ఆ డబ్బాను ఖాళీ చేయడమే. యంత్రానికి ఏ రోగమూ లేదు. దాని పక్కన పెట్టుకున్నదే పోయింది.

చేతికందే దూరం, గోదాము దూరం అంటే ఎంత తేడానో లెక్క చూద్దాం. ర్యామ్ నుంచి చిన్న ముక్క చదవడానికి పట్టేది సుమారు 100 నానోసెకన్లు. ఎస్ఎస్‌డీ నుంచి అయితే సుమారు 100 మైక్రోసెకన్లు. పాతకాలపు గుండ్రంగా తిరిగే హార్డ్ డిస్క్ నుంచి అయితే సుమారు 10 మిల్లీసెకన్లు. ఈ అంకెలు చూస్తే అన్నీ చిన్నవే అనిపిస్తాయి. మన కాలంలోకి మార్చండి. ర్యామ్‌కు పట్టే కాలం 1 సెకను అనుకుంటే, ఎస్ఎస్‌డీకి పదహారు పదిహేడు నిమిషాలు పడుతుంది. హార్డ్ డిస్క్‌కు ఒక రోజు దాటి దాదాపు 28 గంటలు పడుతుంది. కౌంటర్‌లో అమ్మాయి “ఒక్క సెకను” అనడానికీ “రేపు మధ్యాహ్నం రండి” అనడానికీ ఉన్నంత తేడా.

పేషెంటు పేరు కొట్టి వెతికితే డేటాబేస్ వెయ్యి పేజీలు తిరగేస్తుందనుకుందాం. ఇది పెద్ద సంఖ్యేమీ కాదు. మామూలు రోజున వాటిలో నూటికి 99 ర్యామ్‌లోనే దొరుకుతాయి. మిగిలిన 10 పేజీలకే డిస్క్ దగ్గరికి పోవాలి. పదిసార్లు 10 మిల్లీసెకన్లంటే సెకనులో పదో వంతు. మీకు ఎంటర్ కొట్టగానే వచ్చినట్టుంటుంది. సోమవారం పొద్దున క్యాష్ ఖాళీ. వెయ్యి పేజీలూ డిస్క్ నుంచే రావాలి. వెయ్యి సార్లు 10 మిల్లీసెకన్లంటే 10 సెకన్లు. అదీ కౌంటర్ ఒక్కటే ఉంటే. ఆరు కౌంటర్లు ఒకేసారి వెతికితే ఆ ఒక్క డిస్కే ఆరుగురికీ తిరగాలి. కడపటివాడికి నిమిషం పడుతుంది. “తెల్లగ చూసుకుంట కూసుంటది” అని ఆమె రాసింది ఈ నిమిషం గురించే.

ఇక్కడే ఇంకో చిన్న సంగతి కూడా గమనించండి. క్యాష్‌లో దొరికే వాటా 99 నుంచి 98కి పడితే ఒక్క శాతమే కదా అనుకుంటాం. డిస్క్ వైపు నుంచి చూస్తే అది నూటికి ఒకటి నుంచి రెండు అయింది, అంటే పని రెండింతలు. 90కి పడితే పదింతలు. అందుకే కొంచెం చల్లబడినా అంత బాధగా ఉంటుంది.

మరి డబ్బా నిండడానికి ఎంతసేపు పడుతుంది? సర్వర్‌లో డేటాబేస్ క్యాష్‌కు 8 జీబీ ఇచ్చారనుకోండి. 16 కిలోబైట్ల పేజీలు అందులో 5,24,288 పడతాయి. మామూలు హార్డ్ డిస్క్ చిల్లరగా, అక్కడో ముక్క ఇక్కడో ముక్క చొప్పున, సెకనుకు ఓ వంద పేజీలు ఇవ్వగలదు. భాగించి చూడండి. 87 నిమిషాలు. ఎనిమిదిన్నరకు కౌంటర్ తెరిస్తే పది దాకా. కోరుట్ల ఆవిడ రాసిన “పది దాటినంక” నాకు ఈ లెక్క చూశాకే అర్థమైంది. వాళ్ల సర్వర్ నేను చూడలేదు, దాని కొలతలు వేరే ఉండొచ్చు. లెక్క తీరు మాత్రం ఇదే.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వద్దాం. ఎనిమిదిన్నరకు మొదలైంది, తొమ్మిదింపావుకు ఇంకా నెమ్మదిగానే ఉంది. డబ్బా సగం నిండింది. సరిగ్గా అప్పుడు ఓపిక నశించి ఎవరో “ఒకసారి బందు చేసి చాలు చెయ్యిరి” అంటారు. సగం నిండిన డబ్బా మళ్లీ ఖాళీ. లెక్క మొదటికొచ్చింది. రెండుసార్లు చేస్తే పది కాస్తా పన్నెండవుతుంది. చివరికి సిస్టం దారిన పడితే, మూడోసారి రీస్టార్ట్ చేసినందుకే బాగైందని అందరూ నమ్ముతారు. నిజానికి ఆ మూడోసారి తర్వాత విసుగొచ్చి దాన్ని ముట్టుకోలేదు. అందుకే బాగైంది.

రీస్టార్ట్ మీద మనకున్న భక్తి ఊరికే వచ్చింది కాదు. ఫోన్ మొరాయిస్తే ఆపి పెడతాం, డిష్ టీవీ పెట్టె మొరాయిస్తే వైరు పీకి పెడతాం, పని చేస్తాయి. వాటిలో పేరుకున్న చెత్త పోతే మేలు. డేటాబేస్ మెమరీలో పేరుకునేది చెత్త కాదు, ఆస్తి. ఆదివారం రాత్రి రీస్టార్ట్ చేసే అబ్బాయిని నేనేమీ అనడం లేదు. బహుశా వాళ్ల సాఫ్ట్‌వేర్ వారం నడిస్తే బరువెక్కుతుందేమో. అదే అయితే సాఫ్ట్‌వేర్‌ను మాత్రం రీస్టార్ట్ చేయాలి, దాని వెనకున్న డేటాబేస్ జోలికి పోనక్కర్లేదు. రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉన్నా అవి వేర్వేరు సర్వీసులు, విడివిడిగా ఆపొచ్చు. విండోస్ అప్‌డేట్ కోసం మొత్తం ఆపాల్సివస్తే అది వేరే సంగతి.

రీస్టార్ట్‌తో పాటు ఇంకో అలవాటుంది. స్క్రీన్ కదలకపోతే ఎంటర్ మీద ఎంటర్ కొట్టడం. ప్రతి ఎంటర్ ఒక కొత్త ప్రశ్న. అప్పటికే ఊపిరాడని డిస్క్‌కు అదే వెతుకులాట నాలుగుసార్లు అంటగట్టినట్టు. ఈ గుంపు తాకిడికి పెద్దపెద్ద కంపెనీలే పడిపోయాయి. 2010 సెప్టెంబరు 23న ఫేస్‌బుక్ సుమారు రెండున్నర గంటలు పనిచేయలేదు. ఒక సెట్టింగ్ విలువ తప్పుగా పడింది. క్యాష్‌లో తప్పు కనిపించిన ప్రతి కంప్యూటరూ దాన్ని సరిచేద్దామని నేరుగా డేటాబేస్ మీద పడింది. డేటాబేస్ ఊపిరాడక “రాదు పో” అంటే, ఆ జవాబును కూడా తప్పుగా లెక్కేసి క్యాష్‌లోది చెరిపేసి మళ్లీ అడగడం. అసలు తప్పు దిద్దాక కూడా ఈ సుడి ఆగలేదు. చివరికి వాళ్లు ఏం చేశారో తెలుసా? సైట్ మొత్తం ఆపేసి, డేటాబేస్‌ను తేరుకోనిచ్చి, జనాన్ని కొద్దికొద్దిగా లోపలికి వదిలారు.

కొద్దికొద్దిగా అన్నదే ఇక్కడ ముఖ్యం. 2013లో ఫేస్‌బుక్ ఇంజినీర్లు తమ క్యాష్ ఏర్పాట్ల గురించి ఒక పరిశోధనా పత్రం వెలువరించారు. కొత్తగా లేచిన, ఖాళీ క్యాష్ ఉన్న సర్వర్ల గుంపు సమాచారం కోసం డేటాబేస్ మీద పడకుండా, అప్పటికే నిండుగా ఉన్న పక్క గుంపును అడిగి తెచ్చుకునేలా చేశామని అందులో రాశారు. దాంతో పూర్తి సత్తాకు రావడానికి రోజులు పట్టేది గంటల్లోకి దిగిందట. అంత పెద్ద కంపెనీకే రోజులు పట్టేదంటే మన కోరుట్లలో గంటన్నర పట్టడం నామోషీ ఏమీ కాదు.

ఈ ముచ్చట సిరిసిల్ల వాళ్లకు కరెంటు భాషలో చెప్పినా అర్థమవుతుంది. 1970 నుంచి సొంతంగా సహకార విద్యుత్ సంఘం ‘సెస్’ను నడుపుకుంటున్న ప్రాంతం అది. చాలాసేపు ఆగిన కరెంటు తిరిగి ఇచ్చేటప్పుడు ఆగిన మోటార్లన్నీ ఒకేసారి లాగుతాయి. నడిచేటప్పటి కంటే మొదలయ్యేటప్పుడు మోటారు లాగేది ఎక్కువ. అందుకే లైన్లన్నీ ఒక్కసారి వదలకుండా ఒక్కొక్కటిగా వదులుతారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ ఆరు గంటల పాటు మాయమైనప్పుడు ఈ రెండు భయాలూ ఒకేచోట కలిశాయి. అందరినీ ఒకేసారి రానిస్తే కరెంటు వ్యవస్థలకూ, క్యాష్‌లకూ ముప్పు రావచ్చని వాళ్లే చెప్పుకున్నారు.

సిరిసిల్ల మెయిల్ నూలు వ్యాపారిది. ఆయన బాధ కొంచెం వేరు. “తమ్మీ, యూపీఎస్ బ్యాటరీ దిగిపోయింది. కరెంటు కన్నుకొట్టినా కంప్యూటర్ బందయితది. మళ్ల చాలు చేస్తే పావుగంట లెక్కలు తెరుసుకోనే తెరుసుకోవు. తెరుసుకున్నంక గంటసేపు నత్తనే.” ఇందులో రెండు రోగాలున్నాయి. చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటారు.

మొదటి పావుగంట క్యాష్ వల్ల కాదు. పాత వ్యాపారస్తులకు చిట్టా, ఆవర్జా గుర్తుండే ఉంటాయి. బేరం జరగ్గానే ముందు చిట్టాలో గీకేస్తారు, తీరిక దొరికినప్పుడు ఆవర్జాలో ఎవరి ఖాతాకు వాళ్లది ఎక్కిస్తారు. డేటాబేస్ కూడా అంతే. ముందు లాగ్ అనే చిట్టాలో రాసి భద్రం చేసుకుంటుంది, అసలు పేజీల్లోకి తర్వాత ఎక్కిస్తుంది. మధ్యలో కరెంటు పోతే ఆవర్జాకు ఎక్కనివి కొన్ని మిగిలిపోతాయి. తిరిగి లేచినప్పుడు చిట్టా తిరగేసి వాటిని ఎక్కించి, సగంలో ఆగిన బేరాలను కొట్టేసి, అప్పుడు తలుపు తీస్తుంది. దీన్నే రికవరీ అంటారు. మీ డబ్బు లెక్క తప్పకుండా కాపాడేది అదే. ఆ పావుగంటలో విసుగొచ్చి ప్లగ్ పీకారంటే అది చిట్టా దగ్గర మళ్లీ మొదలుపెట్టుకోవాలి. దయచేసి దాన్ని ముట్టుకోకండి.

తర్వాతి గంట మాత్రం ఖాళీ డబ్బా సంగతే. కోరుట్ల కంటే మీది ఒక మెట్టు కింద ఉంది. ఎందుకంటే డేటాబేస్ సర్వీసును మాత్రమే ఆపితే, కంప్యూటర్ తన వంతుగా పెట్టుకున్న ఫైళ్ల క్యాష్ మిగులుతుంది. పోస్ట్‌గ్రెస్ దాని మీద బాగా ఆధారపడుతుంది కాబట్టి అది కొంత తొందరగా తేరుకుంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ అలా కాదు, ఆ క్యాష్‌ను పక్కకు నెట్టి నేరుగా డిస్క్‌తోనే మాట్లాడుతుంది. ఏదైతేనేం, కరెంటే పోతే రెండు డబ్బాలూ ఖాళీ. కాకా, మీకు నా సలహా సాఫ్ట్‌వేర్ కాదు, బ్యాటరీ. కొత్తది వేయించండి. మిగతావన్నీ తర్వాత.

జగిత్యాల కుర్రాడిది నాకు బాగా నచ్చిన ప్రశ్న. చల్‌గల్ మామిడి మార్కెట్‌లో కమీషన్ ఏజెంట్ల కోసం తనే బిల్లింగ్ ప్రోగ్రాం రాశాడట. “అన్నా, రీస్టార్ట్ చేయగానే ఒక రిపోర్టు 40 సెకన్లు పట్టింది. వెంటనే మళ్లీ అదే రిపోర్టు తీస్తే అర సెకను. నేను కోడ్‌లో ఏమీ మార్చలేదు. నా ప్రోగ్రాం స్పీడు ఎంతని చెప్పుకోవాలె?”

రెండూ నిజమే తమ్ముడూ. 40 సెకన్లు నీ డిస్క్ స్పీడు, అర సెకను నీ ర్యామ్ స్పీడు. అమ్మకం రోజు అర సెకను చూపించి ఒప్పించావనుకో, సీజన్‌లో తెల్లారుజామున రైతు తక్‌పట్టీ కోసం నిలబడ్డప్పుడు 40 సెకన్లు బయటపడుతుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. క్వెరీ నెమ్మదిగా ఉందని ఇండెక్స్ పెడతారు, మళ్లీ నడిపితే ఎగిరిపోతుంది, “ఇండెక్స్ అదిరింది” అనుకుంటారు. ఇండెక్స్ ఏమీ చేయకపోయి ఉండొచ్చు, పేజీలు ర్యామ్‌లోకి వచ్చేశాయంతే. ఏది మార్చినా చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి కొలువు. చల్లగా ఉన్నప్పుడు కూడా తగ్గితేనే అది నీ గొప్ప. పైగా 40 సెకన్లు పట్టిందంటే ఆ రిపోర్టు అవసరం లేని పేజీలు బోలెడు తిరగేస్తోందని అనుమానం. నిన్నటి బేరాల కోసం పోయినేడు సీజన్ అంతా చదువుతోందేమో చూడు.

ఇక మందు. అన్నిటికంటే గట్టి మందు డిస్క్ మార్చడం. ఇంకా హార్డ్ డిస్క్ మీదే డేటాబేస్ నడుపుతుంటే ఎస్ఎస్‌డీకి మారండి. సెకనుకు పదివేల చిల్లర పేజీలు ఇచ్చే ఎస్ఎస్‌డీ అయితే, పైన చెప్పిన 87 నిమిషాల పని ఒక్క నిమిషం లోపు అయిపోతుంది. నేను చూసిన చిన్న ఆఫీసుల్లో సగం గోడు ఇక్కడితోనే తీరిపోయింది.

రెండోది, ఆగే ముందు ఏమేం దగ్గరున్నాయో రాసిపెట్టుకోవడం. మైఎస్‌క్యూఎల్ 5.6తో ఈ సౌకర్యం వచ్చింది, 5.7 నుంచి దానంతట అదే ఆన్‌లో ఉంటుంది. ఆగేటప్పుడు క్యాష్‌లో ఉన్న పేజీల్లో ఈమధ్య వాడిన 25 శాతం పేజీల నంబర్లు ఒక చిన్న ఫైల్‌లో రాసుకుంటుంది. పేజీలు కాదు, నంబర్లే. లేవగానే ఆ జాబితా పట్టుకుని వెనకనుంచి వాటిని తెచ్చి పెట్టుకుంటుంది. ఆ 25ను పెంచుకోవచ్చు. ఇందులో ఉన్న తెలివేంటంటే, చిల్లరగా కాకుండా డిస్క్ మీద ఉన్న వరుసలో చదవడం. అదే హార్డ్ డిస్క్ వరుసగా చదివితే సెకనుకు 100 ఎంబీ దాకా ఇస్తుంది. అంటే 8 జీబీకి ఒకటిన్నర నిమిషం కూడా పట్టదు. జాబితా అంతా వరుసగా దొరకదు కాబట్టి అంత తొందరగా కాకపోవచ్చు గానీ, 87 నిమిషాలతో పోల్చి చూడండి.

దీనిలో ఒక మెలిక ఉంది, సిరిసిల్ల కాకా వంటి వాళ్లకు. ఆ జాబితా రాసేది పద్ధతిగా ఆపినప్పుడే. కరెంటు పోతే రాసే వ్యవధి ఉండదు, ఎప్పటిదో పాత జాబితాతో లేస్తుంది. నడుస్తుండగానే గంటకోసారి జాబితా రాయమని మైఎస్‌క్యూఎల్‌కు పురమాయించొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో అయితే ‘పీజీ ప్రీవార్మ్’ అనే అనుబంధం ఉంది. 11వ వెర్షన్ నుంచి అది తనంతట తాను ప్రతి 300 సెకన్లకోసారి జాబితా రాసిపెడుతుంది. కరెంటు పోయినా ఐదు నిమిషాల కిందటి జాబితా ఉంటుంది. కానీ ఇది దానంతట అదే ఆన్ కాదు, సెట్టింగ్‌లో చేర్చాలి.

ఇంకోటి చూడండి. మైఎస్‌క్యూఎల్ అయినా పోస్ట్‌గ్రెస్ అయినా ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తే తన క్యాష్‌కు 128 ఎంబీ మాత్రమే తీసుకుంటుంది. 16 జీబీ ర్యామ్ కొని 128 ఎంబీ దగ్గర వదిలేసిన సర్వర్లు ఎన్ని చూశానో లెక్కలేదు. పెద్ద ఇల్లు కట్టి అరుగు మీద పడుకున్నట్టు. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉచిత ఎక్స్‌ప్రెస్ రకం వాడేవాళ్లకు మాత్రం ఎంత ర్యామ్ ఉన్నా పేజీల క్యాష్ 1,410 ఎంబీ దాటదు, ఆ హద్దు మైక్రోసాఫ్ట్ పెట్టింది.

కోరుట్ల ఆవిడకు ఈ పేర్లన్నీ అక్కర్లేదు. మీ సాఫ్ట్‌వేర్ వెనక ఏ డేటాబేస్ ఉన్నా పనిచేసే నాటు వైద్యం ఒకటుంది. సర్వర్ ఆదివారం రాత్రి లేచింది సరే, లేచాక పొద్దున దాకా దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. అడగనిదే అది ఏదీ తెచ్చుకోదు. రాత్రంతా ఖాళీ డబ్బాతో కూర్చుని, ఎనిమిదిన్నరకు మొదటి పేషెంటు పేరు కొట్టాక పని మొదలుపెట్టింది. అందుకని ఆ పని ముందే చేయించండి. పొద్దున ఆరున్నరకు నైట్ డ్యూటీ వాళ్లను పోయిన మూడు నెలల ఓపీ జాబితా ఒకసారి తెరవమనండి. మందుల స్టాకు, ఆ రోజు అపాయింట్‌మెంట్లు, రెండు మూడు పేర్ల మీద వెతుకులాట కూడా. అది ఎంత నెమ్మదిగా నడిచినా ఆ టైముకు ఎవరికీ నష్టం లేదు. మీ కంప్యూటర్ అబ్బాయికి ఈ కాలమ్ చూపిస్తే, అవే పనులు మనిషి లేకుండా ఆరున్నరకు వాటంతట అవే జరిగేలా షెడ్యూల్ చేసి పెట్టగలడు. ఆయనకది పది నిమిషాల పని.

నాకు దీనిలో కోపం తెప్పించే సంగతి ఒకటుంది. క్యాష్ నిండాలంటే ఎవరో ఒకరు ఆగాలి. ఆ ఆగేది ఎప్పుడూ క్యూలో ముందున్నవాడే. పదకొండింటికి తీరిగ్గా బండేసుకుని వచ్చినవాడికి సిస్టం ఎగిరిపోతుంది. తెల్లారుజామున లేచి బస్సెక్కి వచ్చినవాడు ఎదురుచూసి ఎదురుచూసి దాన్ని వేడిచేసి పెడితే, ఆ వేడిలో పని చేయించుకునేది వెనకవాడు. పెద్ద ప్రభుత్వ పోర్టళ్లకూ ఇది వర్తిస్తుంది. 2024 డిసెంబరులో డేటాబేస్ కొత్త వెర్షన్‌కు మారుస్తున్నామని ధరణి సేవలను కొన్ని రోజులు ఆపారు. అలాంటి మార్పు ఏ పోర్టల్‌కైనా ఎప్పుడో ఒకప్పుడు తప్పదు, ముందే చెప్పి ఆపడం మంచి పద్ధతే. నేనడిగేది ఒకటే. పొద్దున పది గంటలకు సేవలు మొదలని ప్రకటిస్తే, ఏడింటికే లోపల క్యాష్ వేడిచేసే పని మొదలుపెట్టాలి. “సర్వర్ ఆన్ అయింది” అన్న కబురుకూ, “పని చేయడానికి సిద్ధం” అన్న కబురుకూ మధ్య ఆ గంట రెండు గంటలు ఎవరి ఖాతాలో పడాలన్నదే ప్రశ్న. అది ఆఫీసు ఖాతాలో పడాలి, పట్టా కోసం కూలి మానుకుని వచ్చిన రైతు ఖాతాలో కాదు.

క్లౌడ్‌కు పోతే ఈ బాధ ఉండదు కదా అని జగిత్యాల తమ్ముడు చివర్లో అడిగాడు. ఉంటుంది, రూపం మారుతుంది. అమెజాన్ క్లౌడ్‌లో బ్యాకప్ కాపీ నుంచి కొత్త డిస్క్ తయారుచేస్తే అది క్షణాల్లో సిద్ధమైనట్టు కనిపిస్తుంది గానీ, మామూలు ఏర్పాటులో ప్రతి ముక్కా మనం మొదటిసారి ముట్టుకున్నప్పుడే దూరపు గోదాము నుంచి వస్తుంది. అందుకే రికవరీ అయిన రోజున డేటాబేస్ ఎన్నడూ లేనంత నెమ్మదిగా ఉంటుంది. మరోవైపు వాళ్లదే అరోరా అనే డేటాబేస్‌లో క్యాష్‌ను డేటాబేస్ ప్రాసెస్ బయట పెట్టారు, దాన్ని రీస్టార్ట్ చేసినా డబ్బా అలాగే ఉంటుంది. డబ్బులు పెట్టగలిగితే దారులున్నాయి.

నెమ్మదితనమంతా క్యాష్ మీద నెట్టేయొద్దు. తేల్చుకోవడం ఇలా. రీస్టార్ట్ అయ్యాక ఒకే పేషెంటు పేరును ఎనిమిదిన్నరకు, తొమ్మిదికి, తొమ్మిదిన్నరకు, పదికి వెతికి, ఎన్ని సెకన్లు పట్టిందో ఒక కాగితం మీద రాయండి. ప్రతిసారీ కొత్త పేరు కూడా ఒకటి వెతకండి. లేకపోతే మొదటి పేరు ఎలాగూ క్యాష్‌లో ఉంటుంది కాబట్టి మోసపోతారు. అంకెలు క్రమంగా దిగుతుంటే అది క్యాష్, ఓపిక పట్టండి, పైన చెప్పినవి చేయండి. గంటన్నర గడిచినా దిగకపోతే, లేదా మంగళవారం కూడా అంతే ఉంటే, అది వేరే రోగం. ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపండి, అందరం కలిసి చూద్దాం. ఈలోపు వచ్చే సోమవారం మాత్రం, ఎంత విసుగొచ్చినా, ఆ బటన్ మీద చెయ్యి వేయకండి.